తొమ్మిదిరేవుల నాడు ఎవరి చేతికి

రాయపూర్, డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వెనుక వీధిలో సొంత ఇంట్లో ఉంటున్న మజ్జి బంగారయ్య అనే నేను, కీర్తిశేషులు పాపయ్య గారి కుమారుణ్ణి, వయసు అరవై ఐదు, వ్యాగన్ రిపేరు షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, నా తదనంతరం జరగవలసినవి ఇందులో రాసి పెడుతున్నాను. గుండె బలహీనమని డాక్టరు గారు చెప్పారు. బుద్ధి బలహీనమని నా భార్య తప్ప ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఎవరి ఒత్తిడీ లేదని రాయమని వకీలు గారు అన్నారు. ఇద్దరి ఒత్తిడి ఉంది. అయినా రాస్తున్నది నా ఇష్టప్రకారమే. ఇంతకు ముందు ఇటువంటి కాగితం ఏదీ రాయలేదు.

1. ఇల్లు, ఇంట్లోని సామాను, బ్యాంకులో ఉన్నది, సర్వహక్కులతో నా భార్య సూరమ్మకు చెందాలి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. పద్నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఎనిమిదిమందికి టీ పెట్టింది. "ఉన్న ఊళ్ళో కుళాయి రాదు గానీ లేని ఊళ్ళకి రేవులు కడతన్నాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. టీ మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. ధర్సీవా దగ్గరి స్థలం ఈ జాబితాలో లేదు. ఎందుకు లేదో నాలుగో అంశంలో ఉంది.

2. నా కొడుకు చిన్నారావుకు సైకిలు, పనిముట్ల పెట్టె. రోజువారీ లెక్కల పుస్తకాలు వాడు ఉంచుకున్నా, పారేసినా అభ్యంతరం లేదు.

3. తొమ్మిదిరేవుల నాడు అంటే ఏమిటో తెలియనివారి కోసం. 1984లో మా షాపుకు శిక్షణకు వచ్చిన ఒక అధికారి బదిలీ మీద వెళ్తూ గది ఖాళీ చేసినప్పుడు, వదిలేసిన సామానులో ఒక విదేశీ ఆట పెట్టె దొరికింది. నాది ఐదో తరగతి చదువు. నిఘంటువు పక్కన పెట్టుకుని అందులోని పుస్తకం చదవడానికి ఏడాది పట్టింది. బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలొక పాత్ర అయి, తాము ఏం చేస్తామో చెబుతారు. అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. కథ జరగడానికి ఒక దేశం కావాలి. ఆ పుస్తకంలోని దేశంలో మంచు, రాతికోటలు ఉన్నాయి. మాకు మంచు తెలియదు. మేమంతా శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి, సముద్రం లేని ఊళ్ళో వ్యాగన్లు బాగుచేసుకుంటున్నవాళ్ళం. కాబట్టి నేను తొమ్మిది రేవులున్న ఒక తీరం గీశాను. రేవుకొక పెద్ద, ఒక సుంకం, ఒక తగువు, ఉప్పుమళ్ళు, వలలు, గాలివాన వచ్చే రోజులు, అన్నీ రాశాను. 1986లో అది పుస్తకమైంది. ఇక్కడ తెలుగు అచ్చు వేసేవారు నాకు దొరకలేదు. విజయనగరంలో వేయించి రైలు పార్శిల్లో తెప్పించాను. మూడు వందల ప్రతులు రెండేళ్ళలో అయిపోయాయి. రైలు పనివాళ్ళ చేతుల మీదుగా ఖరగ్‌పూర్ దాకా వెళ్ళాయి.

4. ధర్సీవా స్థలం రెండో పుస్తకానికి అమ్మాను. తప్పు అమ్మడంలో లేదు. మా బల్ల దగ్గర ఒక ఆదివారం, నావికుడి పాత్రలో ఉన్న నా స్నేహితుడు, షాపులో నా జోడీ సత్తిరాజు, సుంకం దగ్గర పంతం పట్టి ఉప్పురేవుకు నిప్పు పెట్టాడు. పాచికలు ఒప్పుకున్నాయి. రేవు కాలిపోయింది. అందరం లేచి నిలబడ్డాం. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. రెండో పుస్తకంలో అది రావలసిందేనని అందరూ అన్నారు. "జరిగింది రాయకపోతే అబద్ధమైపోదా అన్నయ్యా?" అన్నాడు సత్తిరాజు. నాకూ అలాగే అనిపించింది. సూరమ్మ తమ్ముడు కొండలరావు ఇక్కడి పండరీ బజారులో టోకు బట్టల కొట్లో అమ్మకాలు చూస్తాడు. అతనొక్కడే అడ్డం చెప్పాడు. "చీర అమ్మేసినాక, కొన్నోళ్ళింటికెళ్ళి అంచు చింపొస్తామేటి బావా?" అన్నాడు. నేను వినలేదు. రెండో పుస్తకం ఉప్పురేవు బూడిదతో మొదలవుతుంది. ఐదు వందలు వేయించాను. చాలావరకు మంచం కింద ఉన్నాయి.

5. భిలాయిలో ఉక్కు కర్మాగారం ఆఫీసులో పనిచేసే నాంచారమ్మ గారికి, ఉప్పురేవు మొదటి పటం. నేను చేత్తో గీసినది, సందుల పేర్లతో సహా ఉంది. ఆమె మొదటి పుస్తకం కొని, తన క్వార్టర్లలోని ఆడవాళ్ళతో ఆడేది. వాళ్ళ కథంతా ఉప్పురేవులోనే నడిచేది. రెండో పుస్తకం అందాక కార్డు రాసింది. "మా రేవును తగలబెట్టడానికి మీరెవరండీ? మా శేషమ్మ అక్కడ పూటకూళ్ళిల్లు పెట్టి రెండు నెలలైనా కాలేదు" అని. శేషమ్మ వాళ్ళ ఆటలోని పాత్ర. నాలుగుసార్లు జవాబు రాసి చించేశాను. మా బల్ల దగ్గర జరిగినదే లోకంలో జరిగిందని అనుకున్నాను, మీ బల్ల ఒకటి ఉందని తోచలేదు అని రాయవలసింది. అంత చిన్న మాట నాకు కుదరలేదు. ఆమె చిరునామా మారి ఉండవచ్చు. వెతికి ఇవ్వాలి.

6. మూడో పుస్తకం 1993లో. ముందు సగం కొత్తవారికి, వెనుక సగం పాతవారికి రాశాను. ఇద్దరినీ తృప్తిపరచాలనుకున్నాను. "మనోళ్ళకి కూడా పరాయోళ్ళకి చెప్పినట్టు చెప్పావేటన్నయ్యా" అన్నాడు సత్తిరాజు. "సగం కుర్తా, సగం పంచె కుట్టించావు బావా. ఏది తొడుక్కుని బజారుకెళ్ళాల?" అన్నాడు కొండలరావు. ఇద్దరూ నిజమే చెప్పారు. అందుకే ఈసారి సగం సగం రాయడం లేదు.

7. సత్తిరాజు గురించి. తొమ్మిది రేవుల్లో ఏ రేవులో ఏ నెలలో ఏ చేప పడుతుందో నాకు గుర్తు లేకపోతే అతన్ని అడుగుతాను. ఆదివారాలు పోతాయని బిలాస్‌పూర్ ప్రమోషన్ వద్దన్నాడు. నాలుగో పుస్తకం కోసం ఆరు వందల పేజీలు రాసి పెట్టుకున్నాడు. అందులో ఉప్పురేవు వంటకాలే నలభై పేజీలు. చదివాను. చాలా బాగుంది. దాన్ని చదివేవాళ్ళు ముప్పైమంది ఉంటారు. "పుస్తకాల హక్కు నా పేరున రాయన్నయ్యా, ఒక్కక్షరం మార్చను" అన్నాడు. మార్చడు. నాకు భయం అదే. భార్య పుస్తె అమ్మయినా అచ్చు వేయిస్తాడు. నేను చేసినదే ఇంకొకసారి జరుగుతుంది.

8. కొండలరావు గురించి. ఒక్క ఆదివారం కూడా బల్ల దగ్గర కూర్చోలేదు. మూడు పుస్తకాల్లో ఒకటీ చివరిదాకా చదవలేదు. కానీ నాగపూర్లో ఆటబొమ్మల వ్యాపారి ఒకరిని వెతికి పట్టుకున్నాడు. హక్కులన్నీ ఒకే చేతిలో ఉండాలి, పుస్తకం పల్చగా బొమ్మలతో ఉండాలి, హిందీలో రావాలి, ఏ రేవూ కాలకూడదు, మా ఆదివారాల చరిత్రంతా తీసేయాలి. ఇవీ షరతులు. "మాల్ అసల్ది బావా. మూట విప్పి చూపించడం మనకి చేతకాలేదు" అన్నాడు. తీసేశాక మిగిలేది నేను గీసిన తీరమా, ఇంకొకటా అని అడిగితే "అది నాకు తెలీదు బావా" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు గౌరవం కలిగింది.

9. ఈ అంశంలో రెండుసార్లు సత్తిరాజు పేరు రాసి కొట్టేశాను. కొట్టివేతల పక్కన ఉన్న పొట్టి సంతకాలు నావే. తొమ్మిదిరేవుల నాడు మూడు పుస్తకాలు, పటాలు, పేర్లు, వాటిని అచ్చు వేసుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కు సంపూర్ణంగా కొండలరావుకు చెందాలి. ఏ పుస్తకం వచ్చినా చివరి పేజీలో మా బల్ల దగ్గర ఆడిన ఎనిమిదిమంది పేర్లు ఉండాలి. అమ్మిన తరువాత ఈ షరతు నిలబడదని వకీలు గారు చెప్పారు. తెలిసే రాశాను.

10. సత్తిరాజుకు బల్ల, మంచం కింది పుస్తకాలు, నేను అరగదీసి చేసిన ఆరు ఇత్తడి పాచికలు. వాటిలో ఒకటి సరిగా లేదు, దానికి రెండు చుక్కలే ఎక్కువగా పడతాయి. ఏదో అతనికి తెలుసు. ఆదివారాలు కూడా రాసి ఇవ్వవచ్చా అని అడిగితే, అది ఆస్తి కాదని వకీలు గారు అన్నారు.

11. సూరమ్మకు చదువు రాదు. ఈ కాగితం ఆమె ఎవరిచేత చదివిస్తుందో నాకు తెలుసు. సత్తిరాజు రోజూ సాయంత్రం వచ్చి "ఏటి రాస్తన్నావన్నయ్యా?" అంటాడు. లెక్కలు అంటాను. నోటితో చెప్పాలని నెల రోజులుగా చూశాను, కాలేదు. చదువుతూ అతను ఇక్కడిదాకా వచ్చి ఉంటే, సూరమ్మా, గ్లాసుడు మంచినీళ్ళు ఇవ్వు. కాగితం అతని చేతిలోంచి ఎవరూ తీసుకోవద్దు. కింద తారీకు, సంతకాలు తప్ప ఇంకేమీ లేవు.

రాయపూర్, 12 మార్చి 1999

(సంతకం) మజ్జి బంగారయ్య

మా ఎదుట సంతకం చేశారు, మేమూ వారి ఎదుటే చేశాం:
1. సూర్యారావు, పొరుగింటివారు
2. అచ్చయ్య, రిటైర్డు వెల్డరు