మరపు లేని మా వీధి

ఉయ్యూరు, ఆగస్టు 1974, సోమవారం

ఎం.ఏ. సైకాలజీలో థీసిస్ లేనిదే డిగ్రీ ఇవ్వరు. నా థీసిస్ మరపు మీద. శనివారం మా వీధి ఆడవాళ్లకు కొన్ని మాటలు చదివి వినిపించాను. ఈ రోజుకి ఎన్ని మరిచిపోయారో చూడాలి. తీరా అడిగితే అందరూ వరస తప్పకుండా అప్పజెప్పారు! పిన్నిని నిలదీశాను.

"నీ పరీక్ష పోతుందేమోనని భయమేసిందే. నీ కాగితం తీసి నిన్నంతా అందరిచేతా వల్లె వేయించా. మేరమ్మగారైతే చర్చిలో కూడా వదల్లేదు."

"మీరు మరిచిపోతేనే కదా పిన్నీ నాకు థీసిస్!"

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ?" అని నన్నే కసిరింది. మా ప్రొఫెసరు గారికి ఏం చెప్పాలో తోచక తల పట్టుకున్నాను. పిన్ని ఓదార్చింది.

"రేపు మళ్లీ అడుగు. ఒక్కళ్లకి ఒక్క మాట గుర్తుంటే నన్నడుగు. ఇప్పుడే వెళ్లి అందరికీ చెప్పొస్తా."