మట్టి పూసిన పదును

హిద్, జూలై 12

ప్రియమైన వినోదకు,

ఫోను మోగితే చాలు, పిల్లలు లాక్కుంటారు. అందుకే ఊరికి వస్తున్న ముసలయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక్కడ గల్ఫులో మా షిప్‌యార్డు ఇంజినీరు జపాను సారు. రిఫాలో ఆయన ఇంటి గేటు బాగుచేయడానికి వెళ్తే వాళ్ల తాత కత్తి చూపించాడు. ఇనుమును మడిచి, కొట్టి, మళ్లీ మడిచి చేత్తో చేసిందట. కమ్మరి పుట్టుక కదా, నా కళ్లు దాన్ని వదల్లేదు. అంచు వెంబడి మీగడ రంగు గీత ఉంది. గీతకు అంచు వైపు బాగా గట్టి, వీపు వైపు విరగనంత మెత్తనట. ఒకే కత్తిలో రెండు గుణాలు ఎలా వచ్చాయి? "నువ్వు కమ్మరివి కదా, చెప్పు చూద్దాం" అని సారు నవ్వి ఊరుకున్నాడు.

ఇనుము పెట్టి కొట్టే మన దాకలి దిమ్మెను దసరాకు తమ్ముడు లింగన్నకు ఇచ్చెయ్. కొలిమి ఆరి నాలుగేళ్లయింది. ఇంకా దేనికి?

నీ మల్లేష్

*

ఆగస్టు 3

ప్రియమైన మీకు,

వీపుకు మట్టి పూసి ఉంటారు! మట్టి పూసిన గిన్నె పొయ్యి మీంచి దించినా తొందరగా చల్లారదు కదా. అలాగే కత్తి వీపుకు మట్టి మెత్తి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే అంచు గబుక్కున చల్లారి గట్టిపడుతుంది. వీపు నిదానంగా చల్లారుతుంది. అవునో కాదో అడగండి. ఏ మట్టి? ఊడకుండా ఏం కలుపుతారు?

లింగన్న వచ్చి, "వదినా, దాకలి ఎప్పుడు తీస్కపొమ్మంటవ్?" అన్నాడు. దసరా దాకా ఆగమన్నాను. నాకు ఇవ్వాలని లేదండీ.

మీ వినోద

*

హిద్, ఆగస్టు 29

ప్రియమైన వినోదా,

తప్పు చేశాను. మట్టి సంగతి నేనే కనిపెట్టినట్టు సారుకు చెప్పాను. ఆయన లేచి నిలబడి, "శభాష్! ఏ మట్టి?" అన్నాడు. మా ఆవిడ చెప్పిందని ఒప్పుకున్నాను. "అయితే మీ ఇంట్లో కమ్మరి ఆమె" అన్నాడు. సిగ్గేసింది. పదిహేనేళ్ల కాపురంలో నీకేం తెలుసో ఒక్కసారీ అడగలేదు.

జిగట మట్టిలో బొగ్గు పొడి, సానరాయి పొడి కలుపుతారట. అంచుకు పలచగా, వీపుకు మందంగా పూస్తారట. నీళ్లలో పడగానే కత్తి తనంతట తానే వంపు తిరుగుతుందట!

అయినా దాకలి ఇచ్చెయ్. పొద్దంతా గ్రైండింగ్ చేసి భుజాలు పోయాయి. వచ్చినా సుత్తి ఎత్తలేను.

నీ మల్లేష్

*

దసరా మర్నాడు

ప్రియమైన మీకు,

దాకలి ఇవ్వలేదు. కోప్పడండి, కానీ ముందు చదవండి.

మీ ఉత్తరం అందిన వారంలోనే కొలిమి వెలిగించాను. పాత లారీ కమాను పట్టాతో కొడవలి కొట్టాను. మొదటిది నీళ్లలో టప్పున పగిలింది. రెండోదానికి మట్టి ఊడింది. మూడోది నిలిచింది. తోమితే అంచున గీత సన్నగా కనబడింది. ఏడుపొచ్చింది. బండి తెచ్చిన లింగన్న దానితో గడ్డి కోసి చూసి, "వదినా, నాకు రెండు చెయ్" అని ఖాళీ బండితో పోయాడు.

మన కొలిమిలో చిన్న సుత్తి పట్టినవాళ్లదే పెత్తనం. అది తాకి చూపిన చోటే పెద్ద సమ్మెట పడాలి. పదకొండేళ్లు మీరు చూపిన చోటల్లా సమ్మెట వేశాను. ఇప్పుడు సుత్తి నాది. సమ్మెటకు పక్కింటి జమున వస్తోంది, మీ భుజాలతో పని లేదు.

కొలిమికి గాలి తిత్తి ఊదడానికి మాత్రం ఎవరూ లేరు. వస్తారా?

మీ కమ్మరి,
వినోద