గుమ్మంలో పెట్టిన సున్నా

వదినా,

మీ ఉత్తరం అంది పది రోజులైంది. తిండి మానొద్దని రాశారు. తింటూనే ఉన్నాను, సిగ్గు లేకుండా ఆకలి వేస్తోంది. జవాబు రాయకపోవడానికి కారణం వేరే ఉంది. మీకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అది చెప్పకుండా ‘ఇక్కడ క్షేమం’ అని రాయడానికి చెయ్యి రాక, కాగితం తీయడం, మళ్లీ మడిచి పెట్టేయడం చేస్తున్నాను.

మీ తమ్ముడి ప్రాణం తీసింది కొండ కాదు. నేను.

మొదటి నుంచి చెబుతాను. కరెంటు టవర్లు తనిఖీ చేస్తూ నెలకోసారి ఆ కొండ ఎక్కి దిగడం తన ఉద్యోగమని మీకు తెలుసు. కిందటేడు పాత గడియారం అద్దం పగిలితే కొత్తది కొనడానికి ఇద్దరం స్పోర్ట్స్ షాపుకు వెళ్లాం. షాపతను మూడు గడియారాలు బల్ల మీద పరిచాడు. ఒకటి మరీ నాజూకు, దాన్ని నేనే పక్కకు తోసేశాను. రెండోది మనం నిలబడ్డ చోటును ఉపగ్రహాల సాయంతో పటం మీద చుక్క పెట్టి చూపిస్తుంది. మీ తమ్ముడి కళ్లన్నీ దాని మీదే. మూడోది ఇటుకరాయిలా ఉంది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెబుతుంది, దిక్సూచి ఉంది, ఎండతోనే చార్జ్ అవుతుంది, గ్లవుజులతో నొక్కినా పలికే పెద్ద బటన్లున్నాయి. రెండోదానికి రెండ్రోజులకోసారి చార్జింగ్ పెట్టాలని వినగానే నాకు నవ్వొచ్చింది. ఫోనుకే చార్జింగ్ పెట్టుకోని మనిషివి, దీనికి పెడతావా అన్నాను. తను తల గోక్కుని ఇటుకరాయినే చేతికి కట్టించుకున్నాడు.

ఆ గడియారానికి ముందు ఎత్తు మనం నేర్పాలట. తెలిసిన చోట నిలబడి ఇది ఇంత అని చెబితే, అక్కడి నుంచి అది లెక్క కట్టుకుంటుంది. వాతావరణం మారితే అంకె జారుతుంది కనుక అప్పుడప్పుడూ సరిచేస్తుండాలి. ఇంటికి రాగానే మీ తమ్ముడు గుమ్మంలో నిలబడి చెయ్యి చాపాడు.

“రోజంతా టేపు పట్టుకుని ఊరందరినీ కొలుస్తావుగా. మొదలెక్కడో నువ్వే చెప్పు.”

దర్జీదాన్ని. టేపు ఎక్కడ ఆనిస్తే అక్కడే నాకు సున్నా. ఇక్కడే అని బటన్ నొక్కాను. నిజానికి మన గుమ్మం మూడు వందల నలభై మీటర్ల ఎత్తున ఉందని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నుంచి కొండకు వెళ్లే ప్రతిసారీ గుమ్మంలో చెయ్యి చాపేవాడు, నేను సున్నా పెట్టేదాన్ని. పైన సిగ్నల్ దొరికే చోటు నుంచి ఫోన్ చేసి, నీకంటే ఎనిమిది వందల మీటర్లు పైన ఉన్నాను, కాస్త గౌరవమిచ్చి మాట్లాడు అనేవాడు.

చివరిసారి వెళ్లిన రోజు మధ్యాహ్నం కొండను పొగమంచు కమ్మింది. తను జారిపడి కాలు విరిగింది. పదకొండు వందల డెబ్బై మీటర్ల దగ్గర ఉన్నానని వాకీటాకీలో చెప్పాడు, అంతలోనే అది మూగబోయింది. గాలింపు బృందం పెద్దాయన బల్ల మీద పటం పరిచి ఆ ఎత్తున వేలు పెట్టి, ఇక్కడ వెతకండి అన్నాడు. అదే గదిలో బెంచీ మీద నేను కూర్చుని ఉన్నాను వదినా. మంచినీళ్లిస్తే తాగాను. ఆ అంకె మా గుమ్మం నుంచి లెక్క, దానికి మూడు వందల నలభై కలపండి అన్న ఒక్క మాట నా బుర్రకు తట్టలేదు. మూడో రోజు తనను దించి తెచ్చి దుప్పటి కప్పాక తట్టింది.

ఎక్కడ దొరికాడని నేను అడగలేదు. చెప్పబోతే చెవులు మూసుకున్నాను. గడియారం గాలింపు బృందం ఆఫీసులోనే ఉంది, తెచ్చుకోలేదు. ఈ గుమ్మం చూడలేకపోతున్నాను. ఇల్లు ఖాళీ చేసి ఎటైనా పోదామనుకుంటున్నాను. మీరు నన్ను క్షమించొద్దు. తోబుట్టువుగా మీకు నిజం తెలియాలని రాశాను.

మీ మరదలు

~

అమ్మాయీ,

నీ ఉత్తరం చదవగానే నీ మీద కోపం వచ్చిన మాట నిజం. అబద్ధమెందుకు. రాత్రంతా పోనిచ్చి పొద్దున మళ్లీ చదివితే అనుమానం వచ్చింది. మావాడు చిన్నప్పటి నుంచీ ఆట ఆటే, పని పనే అనుకునే రకం. జేబులో గోళీలు పెట్టుకునే బడికి వెళ్లేవాడు, లెక్కల మాస్టారు వస్తే గోళీ చప్పుడు కూడా వినిపించేది కాదు. పదమూడేళ్లు ఆ కొండ తొక్కినవాడు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆటలో అంకె చెబుతాడా? నాకు తెలియదు. నీకూ తెలియదు. వెళ్లి ఆ గాలింపు పెద్దాయనను ఎక్కడ దొరికాడో అడుగు. ఆ గడియారం తెచ్చుకో. వినలేకపోతే ఫోన్ కలిపి ఆయన చేతికివ్వు, నేను వింటాను. ఏడవడమే రాసిపెట్టి ఉంటే నిజం తెలుసుకునే ఏడుద్దాం. ఇల్లు వదిలే మాట తర్వాత.

నీ వదిన

~

వదినా,

వెళ్లాను. ఫోన్ చేయలేదు, నేనే విన్నాను.

మీరన్నదే నిజం. తను చెప్పిన అంకె సరైనదే. చెప్పిన ఎత్తుకు ఇరవై మీటర్ల కింద, కొండ ఉత్తరం వైపు దొరికాడట. “ఎత్తు కొండ చుట్టూ ఒకటేనమ్మా. ఏ వైపో చెప్పేలోపే వాకీటాకీ ఆగిపోయింది. మేము తూర్పున మొదలుపెట్టాం. ఉత్తరం వైపుకు చేరనీయకుండా మంచు రెండు రోజులు పట్టుకుంది” అన్నాడు పెద్దాయన. చుక్క చూపించే గడియారం కొని ఉంటే బతికేవాడా అని అడిగాను. ఆ చుక్క ఎక్కడుందో మాకు చెప్పడానికి వాకీటాకీలో మాట ఉండాలి కదమ్మా అని తల దించుకున్నాడు.

తర్వాత గడియారం నా ముందు పెట్టి, ఎత్తు సరిచేసిన ప్రతిసారీ టైముతో సహా అందులో ఉంటుందని చెప్పి బటన్లు నొక్కి చూపించాడు. ప్రతి నెలా రెండు గుర్తులున్నాయి. పొద్దున మన గుమ్మంలో సున్నా. ఇంకో గంటకు ఐదు వందల ఇరవై. మొదటి టవరు కాలి మీద రంగుతో రాసిన ఎత్తు అదేనట. అక్కడ అందరూ సరిచేసుకుని గానీ పైకి ఎక్కకూడదట. అంటే నా సున్నా ఆ టవరు దాకానే బతికేది. పైనుంచి ఫోన్ చేసి నీకంటే ఎనిమిది వందలు పైన అన్నప్పుడల్లా, మూడు వందల నలభై మనసులో తీసేసి నా కోసం చెప్పేవాడు.

ఇక మీ దగ్గర దాచిన మాట. చివరి రోజు మొదటి గుర్తు లేదు వదినా. ఆ రోజు నేను సున్నా పెట్టలేదు. ఆఫీసులో కూర్చునే ఉద్యోగం ఇస్తామంటే వద్దని రాసిచ్చాడని, అదీ నాకు చెప్పకుండా, ముందురోజు బయటివాళ్ల నోట విన్నాను. పొద్దున గుమ్మంలోంచి సున్నా పెట్టవా అని పిలిచాడు. నేను వినబడనట్టు మిషన్ తొక్కుతూనే ఉన్నాను. కాసేపు నిలబడ్డాడు. రెండోసారి పిలవలేదు. బూట్ల చప్పుడు మెట్లు దిగి వెళ్లింది. తనే పెట్టుకుని ఉంటాడులే అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను, మీకూ సున్నా పెట్టినట్టే రాశాను. పెట్టుకోలేదు. నా సున్నా తనను చంపలేదు. నేను పెట్టని సున్నాతో తను ఇల్లు దాటి వెళ్లాడు. ఏది నయమో మీరే చెప్పండి.

గడియారం నా చేతికివ్వబోతూ పెద్దాయన ఆగాడు. ఆ రోజు ఇంకో గుర్తుంది, ఇది మాకు అర్థం కాలేదు అన్నాడు. సాయంత్రం ఐదూ నలభై. అప్పటికి కాలు విరిగి నాలుగు గంటలు. కొండ వాలులో, దొరికిన చోటే కూర్చుని, తనే బటన్ నొక్కి సున్నా పెట్టుకున్నాడు. చలికి వేళ్లు కొంకర్లు పోయి పొరపాటున నొక్కి ఉంటాడని వాళ్లు అనుకున్నారట. నేను గడియారం తీసుకుని వచ్చేశాను. అక్కడ నోరు విప్పితే ఏడుపు ఆగదని తెలుసు. నా మీద కోపంతో పెట్టుకున్నాడో, నన్ను పిలిచి పెట్టుకున్నాడో గడియారం చెప్పదు.

ఇల్లు ఖాళీ చేయడం లేదు. గడియారం కిటికీలో ఎండ తగిలే చోట పెడుతున్నాను, ఆగిపోకుండా. ఎండ కాసే రోజు పొద్దున్నే దాన్ని పట్టుకుని గుమ్మంలో నిలబడితే, తను పెట్టుకున్న సున్నాకు మైనస్ ఎనిమిది వందల అరవై అంటుంది. ముసురు పట్టిన రోజు ఆ దూరం ముప్ఫై నలభై మీటర్లు తగ్గుతుంది. అంకె తప్పితే సరిచేయమని షాపతను చెప్పాడు. సరిచేయను వదినా. తను నాకు ఎంత ఎత్తున కూర్చున్నాడో ఈ గుమ్మంలోంచే కదా తెలిసేది.

మీ మరదలు