ఈ ప్యాంటు ఏ మగవాడిది?

నా పిడుగుకు,

పైవాడి కృప వల్ల ఇక్కడ అందరం కులాసా. నువ్వు కూడా ఒంట్లో బాగుండి, వేళకు తింటూ ఉన్నావని నమ్ముతున్నాను. ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోనులో మాటకు మాట అడ్డం వేస్తావు. ఉత్తరానికి అడ్డం వేయలేవు. కాబట్టి కూర్చుని చివరిదాకా చదువు.

ముందు నువ్వడిగినవి. నా దగ్గు తగ్గింది. మీ నాన్న నడిపే బస్సుకు దారి మార్చారు, మధ్యాహ్నం ఇంటికొచ్చి తింటున్నారు, తిన్న కంచం మాత్రం ఇంకా తిన్నచోటే ఉంటోంది. మా లాండ్రీలో ఇస్త్రీకి కొత్త ఆవిరి యంత్రం పెట్టారు. అది బుస కొట్టినప్పుడల్లా కూటంలో నా ప్రసంగం మధ్యలో మన సంఘపెద్ద, మీ మావయ్య, కావాలని దగ్గినట్టే ఉంటుంది.

ఇక నీ పార్సిలు. పగలు మన ఇంటికి తాళం కదా, పోస్టు మనిషి మీ మావయ్య ఇంట్లో ఇచ్చిపోయాడు. విప్పిన చెయ్యి ఎవరిదని అడగకు. నా దగ్గరికి వచ్చేసరికి దారం తెగి ఉంది. లోపల నీ ఆఫీసు కోటూ ప్యాంటూ, వాటి మీద నీ చీటీ. ఇంటర్న్‌లు ఆడామగా అందరూ ముదురు రంగు కోటూ ప్యాంటూ వేసుకోవాలని మీ మేడమ్ అందట. కాళ్ళకు అడ్డం పడే ఆ పొడుగు లంగాతో ఖాతాదారుల ముందుకు రావద్దందట. నువ్వేమో “అమ్మా, ఇవి దాచెయ్. నేను ప్యాంటు వేశానంటే మావయ్య నిన్ను వేదిక ఎక్కనివ్వడు. నెలాఖరు సోమవారం సమావేశానికి నేను వెళ్ళను, లోపలి గదిలో కాగితాలు సర్దుకుంటాను” అని రాశావు. ఆ సమావేశంలో కనపడనివాళ్ళను గడువు తీరాక ఉద్యోగంలో ఉంచుకోరని కిందటి ఉత్తరంలో రాసిందీ నువ్వే.

చదివి ఒళ్ళు మండింది. ఆ మేడమ్ మీద కాదు, నీ మీద!

పైగా నేను వేదిక మీద చెప్పిన కథ నాకే అప్పజెప్పావు, గొర్రెల కాపరి కుర్రవాడు రాజు ఇచ్చిన కవచం వద్దన్నాడు కదా అని. సగం విని సగం వదిలేస్తే ఇలాగే ఉంటుంది. ఆ కుర్రవాడు కవచం తొడుక్కున్నాడు, నడిచి చూశాడు, అలవాటు లేక ఒంటికి కుదరక తీసేశాడు. తీసేసి యుద్ధానికే వెళ్ళాడు. లోపలి గదిలో కాగితాలు సర్దుకోలేదు. ఇంకొకడున్నాడు, కలలకు అర్థం చెప్పినవాడు. చెరసాలలోంచి రాజు పిలిపిస్తే, గడ్డం గీయించుకుని బట్టలు మార్చుకుని మరీ వెళ్ళి నిలబడ్డాడు. దేశం ధాన్యమంతా వాడి చేతిలో పెట్టారు. జ్ఞానం బట్టల్లోంచి రాలేదు, కానీ దాన్ని చెప్పడానికి ముందు గుమ్మం దాటాలి కదే!

ప్యాంటు వేయడం పాపమా అని కూడా అడిగావు. అదే మాట మీ మావయ్య ఆ వారమే గురువారం ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో, నేను వేదిక ఎక్కబోతుంటే, అందరి ముందూ అడిగాడు.

“ఏమ్మా చెల్లీ, నీ కూతురు ప్యాంట్లలోకి దిగిందటగా? ఆడది మగవాడి బట్ట కట్టకూడదని పరిశుద్ధ గ్రంథంలో రాసుందా లేదా?”

“రాసుంది అన్నయ్యా.”

“మరి?”

ఆ ప్రశ్న వస్తుందని తెలిసే సంచీ తీసుకెళ్ళాను. ప్యాంటు తీసి, రెండు చేతులతో నడుము దగ్గర పట్టుకుని చూపించాను. “ఇది మగవాడి బట్ట అంటున్నావు. ఏ మగవాడిదో చెప్పు, ఇప్పుడే తిరిగిచ్చేస్తాను. పరాయి సొమ్ము మనకెందుకు? నీదేనా? పట్టిందంటే నీదే, తొడుక్కో.”

మీ మావయ్య పొట్ట సంగతి నీకు తెలుసు. ముందు వరసలోంచి మీ అత్తయ్యే అంది, “ఆయనకా? ఒక కాలు దూరితే గొప్ప!” అని. ఇక ఎవరు ఆగుతారు?

“వాక్యంతో పరాచికాలా?” అని ఉరిమాడు.

“పరాచికం కాదు. అదే పేజీ ఇంకాస్త కిందికి చదువు. డాబా కట్టుకుంటే పిట్టగోడ కట్టమని ఉంది. నీ డాబాకు పిట్టగోడ ఏది? ఉన్నీ నారా కలిపి నేసిన బట్ట తొడగొద్దని కూడా ఉంది. ఆదివారం నువ్వేసుకునే కోటు ఏ బట్టో నన్నడుగు, ఇస్త్రీ చేసేదాన్ని నేను. పేజీలో ఒక్క వరస చదివి అన్నయ్య నీతిమంతుడైపోతే, మొత్తం చదివిన చెల్లెలు ఏమవ్వాలి?”

ఆ పైన జరిగింది తర్వాత రాస్తాను. ముందు నువ్వు సోమవారం ఎలా వెళ్ళాలో విను. అలాంటి ఆఫీసుల బట్టలు ఏళ్ళ తరబడి నా చేతుల మీదుగా పోతున్నాయి. పరాయివాళ్ళ డబ్బు కాసేవాళ్ళు తమ మీద కన్ను నిలవనివ్వని బట్టలే వేస్తారు. నీ ముదురు నీలం సరైనదే. చొక్కా తెల్లది, లోపలిది కనపడనంత మందం ఉండాలి. బూట్లు మెరవకపోయినా దుమ్ము ఉండకూడదు. సెంటు వద్దు, గలగలలాడేవి వద్దు, జుట్టు వెనక్కి బిగించి కట్టు. కూర్చునేటప్పుడు కోటు గుండీ విప్పు, లేవగానే పెట్టుకో. కొత్త కోటుకు వెనక చీలిక దగ్గర దుకాణం వాళ్ళు వేసిన అడ్డకుట్టు ఉంటుంది. అది విప్పకుండానే ఉంచావు, పిచ్చిదానా. నేను విప్పాను.

ఇది లోకానికి లొంగడం కాదా అంటావేమో. లొంగేది బట్ట కాదు, మనిషి. భుజాల మీద ఏం వేసుకోవాలో వాళ్ళు చెప్పనీ. అంకెల్లో అబద్ధం రాయమన్న రోజున ఆ కోటు విప్పి వాళ్ళ కుర్చీకే తగిలించి రా. అప్పుడు నేనే ఎదురొచ్చి తీసుకొస్తాను.

ఇప్పుడు దాచిన మాట. ఆ గురువారం నవ్వులు ఆగాక మీ మావయ్య చెయ్యి చాచాడు. “పిల్లకు ఆ బట్టలు వద్దని రాస్తానని అందరి ముందూ ఒప్పుకో. లేదంటే కూటం జరిగే గది తాళంచెవి ఇటివ్వు.” రాస్తాలే అన్నయ్యా అని ఇంటికొచ్చి ఊరుకోవచ్చు. మీ నాన్న కూడా అదే అన్నారు, “అనేస్తే పోయేదిగా!” అని. అనలేదు. మెడలోని తాళంచెవి తాడుతో సహా తీసి మీ మావయ్య చేతిలో పెట్టాను.

బడి ముఖం చూడనిదాన్ని. సబ్బుపెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. ఆ వేదిక నాకేమిటో నీకు తెలుసు. నొప్పి లేదని రాస్తే అబద్ధం. పశ్చాత్తాపం ఉందని రాస్తే ఇంకా పెద్ద అబద్ధం.

కాబట్టి విను. నా వేదిక పోకూడదని నువ్వు ప్యాంటు ఇంటికి పంపేశావు. ఇప్పుడు నువ్వు కాపాడటానికి వేదికే లేదు. నీకు సాకు లేకుండా చేశాను. నా పేరు చెప్పి నువ్వు లోపలి గదిలో దాక్కోవడానికి వీల్లేదు.

నా గురించి బెంగపడకు. మరుసటి గురువారం మీ అత్తయ్య ఇస్త్రీ బట్టలు మోసుకుని లాండ్రీకి వచ్చింది, వాళ్ళింట్లో ఇస్త్రీపెట్టె పెట్టుకుని! వెనకాలే మిగతా ఆడవాళ్ళు, తలా ఒక మూట. విప్పి చూస్తే ఒక్కరి బట్టలోనూ ఒక్క ముడత లేదు. పనిబల్ల వెనక నిలబడి వాక్యం చెప్పాను. ఆవిరి యంత్రానికి మించి అరవాల్సి వచ్చింది. అరవడం నాకు కొత్తా?

కోటూ ప్యాంటూ ఇస్త్రీ చేసి, మడతల మధ్య కాగితం పెట్టి ఇదే పార్సిల్లో పంపుతున్నాను. సోమవారం వేసుకో. మళ్ళీ తిప్పి పంపావో, నేనే తొడుక్కుని వచ్చి మీ ఆఫీసు గుమ్మంలో ప్రసంగం మొదలుపెడతాను. అమ్మకు పట్టదులే అనుకోకు. నడుము దగ్గర లోపలికి మడిచిన బట్ట ఇంకా చాలా ఉంది, విప్పి చూశాను.

ఇట్లు,
తాళంచెవి పోయినా నోరు పోని
మీ అమ్మ