అవ్వ చేను మట్టి

ఆదివారం, రాత్రి

అగ్లోనిమా మొక్కకు ఇవాళ ఇంకో ఆకు పండుబారింది. క్వార్టర్‌లోకి ఎండ రాదు, నీడలోనూ బతికే మొక్క అని అవ్వ కోసం నేనే తెచ్చాను. చేను ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని కింద పోయేముందు ఆమె సంచిలో నింపి తెచ్చుకున్న నల్లమట్టినే కుండీలో పోశాను. అంతకంటే మంచి మట్టి ఏముంటుంది అనుకున్నాను.

పొద్దున కుండీని నర్సరీకి మోసుకెళ్తే, అక్కడి అన్న మట్టిలో వేలు గుచ్చి నవ్వాడు.

"తమ్మీ, గిది పత్తికి మంచిగుంటది. దీంట్ల నీళ్లు దిగయి, చెట్టు ఏరు కుళ్లుతది. గిదంత పారబోసి కొబ్బరిపొట్టు, ఇసుక, జరంత ఎరువు కలిపి పెట్టు."

"భూములు గుంజుకున్నరు, ఇగ మన్ను గూడ ప్యాకెట్ల కొనాల్నా?" అని అరిచాను.

"నా మీద ఒర్రితే ఏరు బతుకుతదా?"

చివరికి ఆ కలిపిన మట్టి ప్యాకెట్టే కొనుక్కొచ్చి మంచం కింద దాచాను.

సాయంత్రం చూస్తే అవ్వ చెంబుతో నీళ్లు పోస్తూ, అరచెయ్యి మట్టికి ఆనించి తడి చూస్తోంది.

"నీళ్లు వద్దే అవ్వా, చెట్టు సస్తది."

"పొయ్యకుంటే చేను ఎండదా బిడ్డా?"

భూమి గురించి ఎన్ని కరపత్రాలు చదివాను, ఎంతమందితో కొట్లాడాను! ఆ కుండీ గుమ్మరించాలన్న ఒక్క మాట ఆమెతో అనలేకపోయాను. రేపైనా మట్టి మార్చకపోతే మొక్క దక్కదు. తీసిన మట్టిని మళ్లీ చేనులోనే పోసి వద్దామంటే, అక్కడ ఇప్పుడు అడుగు కనిపించని గొయ్యి...