అంచు ఎక్కడ?

వాషింగ్టన్, 1968 మార్చి 4

ప్రియమైన ఆల్డెన్,

గ్యాలరీ యజమాని ప్రెస్కాట్ వచ్చి, భోజనాల గదిలో నేలమీద పరిచివున్న, గుడ్డమీద రంగులు ఇంకించి వేసిన నీ పెద్ద బొమ్మ చూశాడు. జూన్‌లో న్యూయార్క్‌లో దానికి ఒక గోడంతా ఇస్తాడట. చట్రానికి బిగించేముందు అంచులు ఎక్కడ కోయాలో మాత్రం నువ్వే చెప్పాలి. పచ్చ రంగు ఇంకిన కుడివైపు నుంచి సన్నని పేలిక కోసి పంపుతున్నాను. చూసి చెప్పు. మందులు మానకు.

నీ వెర్నా

క్షయ శానిటోరియం, మార్చి 9

వెర్నా, బంగారం,

పచ్చ చచ్చిపోయింది. ఉత్త బూడిద. బట్టలో ఇంకి పాడైనట్టుంది. జానెడు లోపలికి కోసి ఇంకో ముక్క పంపు. కొత్త మందుతో దగ్గు తగ్గింది. టొమాటో సూపు కూడా బూడిదలాగే ఉందంటే, "సార్‌కి సూపు రంగు కూడా నచ్చలేదట!" అని వంటవాడు అందరికీ చెప్పి నవ్వించాడు.

నీ ఆల్డెన్

ఏప్రిల్ 2

ప్రియమైన ఆల్డెన్,

నీ ప్రతి ఉత్తరంలో చెప్పినట్టే మళ్లీ మళ్లీ కోశాను. ఎరుపు ఉన్న భాగం కూడా కోతలో పోయింది. ప్రెస్కాట్ ఫోన్ చేసి, "ఇంకా కోస్తే చేతిరుమాలు మిగులుతుంది వెర్నా గారూ! మంచంలో పడుకున్న మనిషి మాట వింటారా?" అన్నాడు. "ఆ మనిషి కళ్లకంటే మీ కళ్లు గొప్పవా?" అని పెట్టేశాను. ఈ ముక్క చూసి త్వరగా రాయి.

నీ వెర్నా

ఏప్రిల్ 6

వెర్నా,

ఇక కోయకు. నీ ముక్కలు పక్కమంచం ముసలాయనకు చూపిస్తే, "ఎంత లేత పచ్చ! మా పొలంలా ఉంది" అన్నాడు. నాకు భయమేసింది. డాక్టరు రంగు చుక్కల అట్ట తెచ్చి అందులో అంకె చదవమన్నాడు. నాకు అంకే కనబడలేదు. ఆ కొత్త మందు నా కళ్లలోంచి ఎరుపునూ పచ్చనూ తీసేసిందట. మందు ఆపారు. చూపు తిరిగొస్తుందని మాటివ్వలేనన్నాడు. బొమ్మలో ఏ లోపమూ లేదు. ఎంత మిగిలింది?

ఆల్డెన్

ఏప్రిల్ 9

నా ఆల్డెన్,

నీ ఉత్తరం రాకముందే, నేను పంపిన ముక్కతోనే ఆఖరి కోత అయిపోయింది. మిగిలింది స్నానాల గది ముందు వేసే కాళ్లపట్టా అంత. ప్రెస్కాట్ దాన్ని చూసి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ గోడ ఇంకొకరికి ఇచ్చాడు. ముక్కలు కలిపి కుట్టొచ్చు. కానీ కుట్టు కనబడితే అది నీ బొమ్మ కాదు, బొంత.

ఒక మాట చెప్పాలి. నాకు పచ్చ కనబడింది. బ్లేడు పెట్టిన ప్రతిసారీ కనబడింది. ఇంత బాగుందే, ఎందుకు కోయమంటున్నాడు అనుకున్నాను. నీకు కనబడేదేదో నాకు కనబడటం లేదేమో అనుకుని కోశాను. బాగుందని ఒక్క ముక్క నీకు రాయలేదు. పెళ్లయిన నాటి నుంచీ రంగుల విషయం నీదే కదా.

ఆదివారం వస్తున్నాను. ఏమీ తీసుకురావడం లేదు.

వెర్నా