అయిదో గేరు

అమీర్‌పేట,
2 మార్చి 2005

రాజనర్సయ్యకు,

తొమ్మిదేళ్ల తర్వాత రాస్తున్నాను. బాగున్నావా అని అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు. అయినా అడుగుతున్నాను.

పంజాగుట్ట గల్లీలో నీ మెకానిక్ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు కంప్యూటర్ కోచింగు సెంటరు లేచింది. మూడు నెలల్లో మనిషి జాతకం మార్చేస్తామని బోర్డు. చేతులకు నూనె అంటించుకుని బతికేవాడికి ఈ ఊళ్లో జాగా లేకుండా చేసి, దానికి అభివృద్ధి అని పేరు పెట్టారు! దీని మీద నా పత్రికలో నాలుగు పేజీలు దులిపేద్దామని కూర్చున్నాను. కలం కదల్లేదు. అదే పత్రికలో నిన్ను దొంగ అన్నది నేనే కదా.

నాన్నగారి 1968 మోడల్ అంబాసిడర్ గుర్తుందా? గేర్‌బాక్సు పళ్లరిగిపోతే కొత్త మోడల్ బండిది తెచ్చి బిగించావు. స్టీరింగు పక్కనుండే గేరు రాడ్డు నేల మీదికొచ్చింది. ఆ రెండు నెలలూ నేను నీ స్టూలు మీద కూర్చుని సర్కారును తిట్టడం, నువ్వు బండి కింద నుంచి "అవ్ అన్నా, నిజమే గని, జర గా పదమూడో నంబర్ పానా అందియ్యి" అనడం... గ్రీజూ ఇరానీ చాయా కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆగిపోతాను.

తర్వాత విజయవాడ రోడ్డెక్కితే అరవై దాటగానే ఇంజను ఒకటే గోల. నువ్వు నేర్పిన పద్ధతిలోనే చూశాను. వెనక చక్రం ఒకదాన్ని జాకీ మీద లేపి, చాక్‌పీసుతో గీత పెట్టి, రెండు చుట్లు తిప్పి, కింద ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని తిరిగిందో లెక్కపెట్టాను. నాలుగున్నర తిరగాల్సింది దాదాపు అయిదు తిరిగింది. అంటే వెనక ఇరుసులో చక్రాలను తిప్పే పళ్లపెట్టె, ఆ డిఫరెన్షియల్, నాది కాదు! నిన్ను ఒక్క మాటైనా అడగకుండా, నాది కాజేసి వేరేది బిగించావని రాసేశాను. అదీ శ్రమజీవుల పత్రికలో.

ఈ పదమూడో తారీఖు ఆదివారం బండిని తుక్కువాడు తీసుకుపోతాడు. ఆలోగా ఒక్కటి చెప్పు. నా డిఫ్ ఏం చేశావు?

చక్రపాణి


బల్కంపేట,
6 మార్చి

చక్రపాణి అన్నకు నమస్తే.

నేను మంచిగనే ఉన్న. నీ డిఫ్ సుత మంచిగనే ఉన్నది. గ్రీజు పూసి గోనెసంచిల చుట్టి పెట్టిన. షెడ్డు మారినప్పుడు మస్తు సామాను పారేసిన, గది పారెయ్యలె. ఎందుకు మార్చిననో నన్ను అడుగకు. మాటిచ్చిన. బండి ఎవరెవరు నడిపిండ్రో మీ ఇంట్ల అడుగు.

ఇంకోటి. నువ్వు అయిదో గేరు ఏస్తున్నవా? పాత బాక్సుకు నాలుగే ఉండె, దీనికి అయిదున్నయి. చాబీ ఇచ్చిన దినం చెప్తనే ఉన్న, నువ్వేమో పెట్రోల్ ధర మీద స్పీచ్ ఇస్తున్నవు. ఎత్తు ఎక్కే తాకత్ కోసం గా డిఫ్ ఏసిన. పెద్ద రోడ్డు మీద ఇంజన్ నిమ్మళంగ ఉండాల్నని అయిదు గేర్ల బాక్సు ఏసిన. రెండూ జోడి కుదిరినంకనే బండి బయటికి పంపిన.

నువ్వు రాసినంక ఆరు నెలలు గిరాకి రాలె. మా ఇంటామె మంగవ్వ మస్తు ఏడ్చింది. మర్చిపోయిన అంటే అబద్ధమైతది అన్నా.

బండిని తుక్కోనికి ఇయ్యకు.

రాజనర్సయ్య


అమీర్‌పేట,
9 మార్చి

తమ్ముడూ రాజనర్సయ్యా,

నీ ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ జానకి చిక్కుళ్లు ఒలుస్తోంది.

"బండి నువ్వు నడిపావా?"

"మీరు మీటింగులని ఊళ్లు పట్టుకు తిరిగినన్నాళ్లూ నడిపాను. ఎర్రమంజిల్ బస్తీ ఆడవాళ్లకి చదువు చెప్పడానికి వారానికి మూడు రోజులు ఎలా వెళ్లాననుకున్నారు?"

"డిఫ్..."

"నేనే మార్చమన్నాను. ఎర్రమంజిల్ ఎత్తు మీద బండి వెనక్కి జారిందని మీ స్నేహితుల ముందు నవ్వి, చేతి బ్రేకు లాగి, నన్ను దింపేసి మీరు కూర్చున్నారే! తర్వాత బండి షెడ్డులో ఉన్నప్పుడు రాజనర్సయ్య దగ్గరికెళ్లి, ఫస్టు గేర్లో సులువుగా ఎక్కేలా చెయ్యి అన్నయ్యా, ఆయనకి చెప్పొద్దు అన్నాను."

"మరి నేను రాసినప్పుడు చెప్పొచ్చుగా?"

"నోరు తెరిచాను. 'బండి సంగతి నీకేం తెలుసు' అన్నారు. ఇంకా గట్టిగా చెప్పకపోవడం నా తప్పే. అన్నయ్య దగ్గరికెళ్లి ఏడిస్తే, మీ ఇంట్ల కొట్లాట నాకెందుకమ్మా అన్నాడు."

చివరికి సిగ్గు విడిచి అయిదో గేరు ఎక్కడుందని అడిగాను.

"కుడివైపు పైకి. మీకు తెలీదా ఏంటి?"

కుడివైపున ఉన్నది రివర్స్ ఒక్కటే అనుకున్నాను తమ్ముడూ! కిందికి లాగడమే తప్ప పైకి తోసి చూడలేదు. స్త్రీల హక్కుల మీద నేను రాసిన వ్యాసాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. నిన్ను తిట్టిన వ్యాసంలో మాత్రం ఆ బండి మొదటి వాక్యం నుంచీ "నా బండి". ఇన్నాళ్లూ ఊరందరి మీదా కోప్పడ్డాను. ఇప్పుడు కోప్పడవలసిన మనిషి అద్దంలో ఉన్నాడు.

తుక్కువాణ్ణి రావద్దన్నాను. ఈ సంచికలో, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో, రాజనర్సయ్య దొంగ కాదు, చక్రపాణి తెలియక నింద వేశాడు అని అచ్చవుతోంది. దాంతో నీ ఆరు నెలలు తిరిగి రావని తెలుసు. మంగవ్వ తిట్టదలిస్తే తిట్టనీ, ఆపకు.

ఆ డిఫ్‌ను గోనెసంచిలోనే ఉండనీ. ఆదివారం బండి వేసుకుని వస్తున్నాం. జానకి నడుపుతుంది. బల్కంపేట పక్కనే ఉన్నా, ఎర్రమంజిల్ ఎత్తు మీదుగా చుట్టు తిరిగి వెళ్దామంటోంది. అది దారి కాదన్నాను. "తెలుసు" అంది. చేతి బ్రేకు మీద చెయ్యి వెయ్యకూడదని నాకు షరతు పెట్టింది.

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.

నీ స్టూలు మీది మనిషి,
చక్రపాణి